పోటీ ప్రకృతి ధర్మమా? రెండు పుస్తకములను గూర్చిన విమర్శ



పోటీ లేనిదే మనుష్యుడు పైకి రాడనియు, పెద్దచేప చిన్నచేపను మ్రింగుట లోకసహజమనియు మీరు రచ్చబండయొద్ద వినియుందురు. బడిలోను వినియుందురు. పట్టణమునకు పోయినప్పుడు కోచింగు సెంటర్ల గోడలమీద, మొదటి ర్యాంకు వచ్చిన పిల్లల బొమ్మల ప్రక్కన, దాదాపు అదే మాట పెద్ద అక్షరములలో చూచియుందురు. ఇంతమంది ఇంత ధైర్యముగా చెప్పుచున్న దానిని ఒకసారి చేటలో పోసి చెరిగి చూచుట మంచిది. అందుకై ఈ మాసము రెండు పుస్తకములను మీ యెదుట పెట్టుచున్నాను. ఒకటి రష్యా దేశస్థుడైన పీటర్ క్రొపోట్కిన్ 1902లో ప్రకటించిన "పరస్పర సహాయము". రెండవది రాబర్ట్ వేడ్ అను పండితుడు వ్రాయగా 1988లో వెలువడిన "గ్రామ గణతంత్రములు". ఈ రెండవది మన కర్నూలు సీమ పల్లెలను గూర్చినదే. రెండును ఇంగ్లీషున నున్నవి గనుక వాటిలోని సంగతులను కొంత విరివిగా చెప్పి, వాటి వెంటనే నా అభిప్రాయము చెప్పెదను.

మొదటి పుస్తకము ఒక వాదమునకు ఉత్తరముగా పుట్టినది. 1859లో డార్విన్ తన ప్రసిద్ధ గ్రంథమును అచ్చువేయించెను. జీవులు పుట్టునన్ని బ్రదుకలేవు, అందుచేత బ్రదుకుటకై పెనుగులాట తప్పదు అని ఆయన చెప్పెను. అయితే ఆ మాటను ఆయన విశాలమైన అర్థములో వాడెను. ఎడారి అంచున మొలిచిన మొక్క అనావృష్టితో పెనుగులాడుటయు ఆయన లెక్కలో పెనుగులాటయే. అక్కడ ప్రక్కనున్న మొక్కతో యుద్ధమేమియు లేదు. ఆయన వెనుక వచ్చినవారిలో అనేకులు ఈ విశాలతను విడిచిపెట్టి, ఒకని మెడపై ఒకడు కాలు పెట్టుటయే ప్రకృతి అన్నట్లు వ్రాసిరి. యోగ్యులే నిలుతురను అర్థమిచ్చు మాటను 1864లో పుట్టించినవాడు డార్విన్ కాడు, హెర్బర్ట్ స్పెన్సర్. అప్పటికే నిలిచియున్నవారికి ఆ మాట ఇంపుగా వినబడుటలో వింత లేదు. 1888లో థామస్ హక్స్లీ ఒక ఇంగ్లీషు మాసపత్రికలో జంతులోకమును కత్తులతో పోరాడు మల్లుల గోదాతో పోల్చెను. ఆ వ్యాసము చదివి క్రొపోట్కిన్ ఊరకుండలేకపోయెను. 1890 మొదలుకొని అదే పత్రికలో తాను వ్రాసిన ప్రత్యుత్తరములను కూర్చి ఆయన ఈ పుస్తకము చేసెను.

ఆయన గదిలో కూర్చుండి వ్రాసినవాడు కాడు. రాజవంశమున పుట్టి, 1862లో పందొమ్మిదేండ్ల ప్రాయమున సైన్యోద్యోగియై సైబీరియాకు పోయి, అక్కడ ఐదేండ్లు తిరిగెను. డార్విన్ శిష్యులు చెప్పిన ఘోరమైన పోటీని కన్నులార చూడవలెనని వెదకెను. ఆయనకు కనబడినది వేరు. మంచు తుపానులు, అకాలపు చలి, వరదలు జంతువులను గుంపులు గుంపులుగా చంపుచుండెను. ఆ శత్రువు ముందు ఒకే జాతి జంతువులు ఒకదానినొకటి పీక్కొని తినుట అంతగా కనబడలేదు. ముందుగా పడిన లోతైన మంచుకు భయపడి, విశాలమైన దేశములో చెదరియున్న లేళ్లు వేలకొలదిగా కూడుకొని ఆమూరు నదిని సన్నని తావున దాటుట ఆయన మనస్సును గట్టిగా పట్టుకొనెను. ఆ లేళ్లు ఎక్కడెక్కడనుండియో వచ్చి, ఒకే రేవును వెదకి, కలిసి నీటిలో దిగినవి.

పక్షుల సంగతి చెప్పినచోట ఆయన గూడబాతులను తలంచెను. ఇవి మనవారెరిగిన పక్షులే. కొల్లేటిలోను, నేలపట్టు చెరువులోను చూచినవారు మీలో ఉందురు. నీటిపై అర్ధచంద్రముగా నిలిచి, ఒడ్డువైపు మెల్లగా జరుగుచు, చేపలను లోతులేని నీటికి తరిమి, అన్నియు కలిసి మేయును. మన జాలరులు అలవివల లాగు విధము ఇట్టిదే గదా! చీమలను గూర్చియు వ్రాసెను. కడుపునిండిన చీమ ఆకలిగొన్న తోటిచీమకు తన కడుపులోని ఆహారమునే తిరిగి నోటికందించును. ఇయ్యనొల్లని చీమను తక్కినవి శత్రువుగా చూచునని ఆయన వ్రాసెను.

ఇంతవరకు పుస్తకము మనస్సునకు ఆనందము కలిగించును. చదివినవాడు హక్స్లీ పని అయిపోయినదనుకొనును. అక్కడనే మనము కొంచెము ఆగవలెను. మొదటిది, హక్స్లీ యెడల క్రొపోట్కిన్ పూర్తిగా న్యాయము చేయలేదని నాకు తోచుచున్నది. ప్రకృతి క్రూరమైనదని హక్స్లీ చెప్పినమాట నిజమే. కాని మనుష్యులు దానిని అనుకరింపవలెనని ఆయన చెప్పలేదు. 1893లో ఆక్స్‌ఫర్డులో చేసిన ఉపన్యాసములో దానికి విరుద్ధముగానే చెప్పెను: ఆ క్రూరత్వమునకు అడుగడుగున అడ్డుకట్ట వేయుటయే సంఘజీవనమని ఆయన భావము. ఒకడు ప్రకృతిని పులి అనెను, ఒకడు ఆవు అనెను. ఇద్దరును చెప్పదలచినది మనుష్యుడు పులి కాకూడదనియే.

రెండవ లోపము ఇంతకన్న పెద్దది. ఆ చీమలనే చూడుడు. పుట్టలోపల ఒకదాని నోటికి ఒకటి అన్నమందించు చీమలు, ప్రక్క పుట్ట చీమలు ఎదురుపడినప్పుడు ఏమి చేయునో పొలములో పనిచేయువారెవరిని అడిగినను చెప్పుదురు. కాళ్లు తెగువరకు కొట్లాడును. లోపలి సహాయము ఎంత బిగువుగా నున్నదో బయటి యుద్ధము అంత భయంకరముగా నుండును. మన ఊళ్లలో కులపు కట్టుబాటు ఎట్టిది? పెండ్లికి చేయి వేయును, చావునకు పాడె మోయును, అప్పుల్లో మునిగినవానికి గింజలు కొలిచి యిచ్చును. ఆ కట్టుబాటే మరియొక వాడవారిని మంచినీళ్ల బావి దగ్గరకు రానియ్యకుండెను. ఇట్టి సహాయమును చూచి క్రొపోట్కిన్ సంతోషించునా, దుఃఖించునా? పూర్వపు ఐరోపా నగరములలోని వృత్తిసంఘములను ఆయన మిక్కిలి పొగడెను. ఆ నగరములు తమ గోడల వెలుపలి సేద్యగాండ్రను విడిచిపెట్టి చెడిపోయినవని తానే ఒకచోట ఒప్పుకొనెను. ఆ ఒప్పుకోలు పుస్తకమునకు మూలస్తంభముగా నుండవలసినది. ఆయన దానిని దారిప్రక్క చెప్పి దాటిపోయెను.

ఆయన దాటిపోయిన చోటనే వేడ్ గారి పుస్తకము మనకు పనికివచ్చును. అది సైబీరియా కాదు, తుంగభద్ర నీరు పారు నాటి కర్నూలు జిల్లా. వేడ్ గారు 1970ల చివరను ఆ తరువాతను అక్కడ కాలువ క్రింది పల్లెలను ముప్పైకి పైగా చూచెను. ఒక పల్లెను మిక్కిలి దగ్గరగా పరిశీలించి, దాని నిజమైన పేరు దాచి "కొత్తపల్లె" అని పిలిచెను. ఆయన అడిగిన ప్రశ్న సులభమైనది: ఏ ఊరిలో రైతులు కలిసి పనిచేయుచున్నారు, ఏ ఊరిలో లేదు, ఎందుకు?

కాలువ మొదట నున్న ఊళ్లలో నీరు పుష్కలము. అక్కడ ఎవని తూము వానిది, ఎవని మడి వానిది. పెద్దల సభయు లేదు, ఊరుమ్మడి నిధియు లేదు. కాలువ తుదకు పోయినకొలది నీరు సన్నగిల్లును, పైరు ఎండునను భయము పెరుగును. పోటీ సిద్ధాంతము నిజమైనయెడల అక్కడ తలలు పగులవలెను. వేడ్ గారికి ఎక్కువగా కనబడినది మరియొకటి. తుది ఊళ్లలోనే రైతులు ఒక సభగా కూడిరి. మడి మడికి నీరు పంచుటకు మనుష్యులను కూలికి పెట్టిరి. మన చెరువుల క్రింద ఇట్టివారిని కొన్ని సీమలలో నీరుగంటి అందురు, కొన్నిట నీరటి అందురు. పశువులు పైరు మేయకుండ పొలము కాపరులను పెట్టిరి, మేపినవానికి తప్పు వేసిరి. కోతలైన పిమ్మట పొలములలో మేయు గొఱ్ఱెల మందలవలనను, ఊరిలో సారాయి అమ్ము హక్కును వేలము వేయుటవలనను వచ్చిన సొమ్మును గ్రామనిధిగా చేసిరి. (సారాయి డబ్బుతో మంచిపని! మన చదువరులకిది రుచింపదు. నాకును రుచింపలేదు. కాని ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను గదా.) బావుల మరమ్మతు మొదలైన ఊరి పనులకు ఆ నిధినుండి తీసిరి. వీటిలో ఏ ఒక్కటియు ప్రభుత్వపు ఉత్తరువుచేత పుట్టినది కాదు.

కాబట్టి కొఱత వచ్చిన వెంటనే మనుష్యులు కుక్కలవలె కలియబడుదురను మాట నిలువదు. తక్కువైన వస్తువే వారిని ఒక చెట్టు క్రింద కూర్చుండబెట్టినది. ఇది క్రొపోట్కిన్ చెప్పిన మంచు తుపానువంటిదే. ఎండుచున్న పైరు ఆ రైతులందరికిని ఉమ్మడి శత్రువు.

అయితే వేడ్ గారు ఇక్కడ ఆగక, కొత్తపల్లె గడప దాటి చూచెను. ఈ పుస్తకమునకు గల గొప్పతనమదే. తమలో తాము ఇంత చక్కగా నీరు పంచుకొనిన సభవారే, పైనుండి ఎక్కువ నీరు రప్పించుకొనుటకు చందాలు వేసికొని కాలువ ఉద్యోగులకు లంచమిచ్చుచుండిరి. ఆ నీరు ఆకాశమునుండి దిగినది కాదు, మరియొక ఊరి వంతు. ఊరిలోపల పోటీ లేదు. ఊరికిని ఊరికిని మధ్య పోటీ, అదియు లంచపు పోటీ. చీమలపుట్ట సంగతియే మరల వచ్చినది. ఇంకొకటి: ఆ సభలో కూర్చున్నవారు ఎక్కువగా భూమిగల ఆసాములు. వారి పొలములు కాలువ క్రింద అక్కడక్కడ చెదరియుండుటచేత, నీరు అన్ని మూలలకు సరిగా పారుట వారికే లాభము. పొలములేని కూలివానికి ఆ పంపకములో మడియు లేదు, మాటయు లేదు. వేడ్ గారు దీనిని దాచలేదు గాని ఇంకను గట్టిగా అడుగవలసినది. కూలివాని గుడిసెలోనుండి చూచినయెడల ఆ గణతంత్రము ఎట్లు కనబడునో నాకు ఈ పుస్తకములో చాలినంతగా దొరకలేదు.

ఇంతవరకు చదివి, ఈ విమర్శకుడు పోటీయే పాపమనుచున్నాడని అనుకొనవద్దు. మార్కెట్ యార్డులో కందులు పోసి కూర్చున్న దినమున కొనువాడు ఒక్కడే వచ్చినయెడల ధర ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు. నలుగురు వచ్చి ఒకనిమీద ఒకడు పాడినప్పుడే మీ చేతికి నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చును. కొనువారందరు ముందుగా టీ దుకాణములో కూడి "ఇంతకు మించి పాడకుందము" అని ఒప్పుకొనుటయు పరస్పర సహాయమే! క్రొపోట్కిన్ ఈ విధమైన సహాయమును గూర్చి వ్రాసినయెడల బాగుండెడిది. మన సంఘములలో కోతపండుగనాడు గుమ్మడికాయను, కోడిపుంజును వేలము వేయుదురు. సంతలో కొద్ది రూపాయలకు దొరకు గుమ్మడికాయ అక్కడ దానికి పదిరెట్లు పలుకును. పాడి ఓడినవాడు నవ్వుచు ఇంటికి పోవును, సొమ్ము సంఘమునకు చేరును. (పాడినవారి పేర్లను, మొత్తములను మరల మరల పైకి చదువు ఆచారము మాత్రము నాకంతగా నచ్చదు. చేతిలో ఏమియు లేక వెనుక చాపమీద కూర్చున్న అవ్వ ముఖము చూచినవారికి కారణము తెలియును.) ఎవరు గొప్పవాడని శిష్యులే దారిలో వాదించుకొనిరి గదా. ఆ పెనుగులాట మనుష్యుని రక్తములో లేదని చెప్పుటకు నాకు నోరు రాదు.

అందుచేత పోటీ సహజమా కాదా అను ప్రశ్నకన్న, ఓడినవాడు ఏమగుచున్నాడు అని అడుగుట మనకు ఎక్కువ అవసరము. గుమ్మడికాయ పాటలో ఓడినవాడు రేపు తన పొలమునకు పోవును. బోరుబావి పోటీలో ఓడినవానికి పోవుటకు పొలము మిగులదు.

అనంతపురము, మహబూబునగరు, నల్లగొండ సీమల చదువరులారా, ఈ సంగతి మీకు తెలిసినంత ఏ పండితునికిని తెలియదు. అక్కడి నేల గట్టిరాయి. నీరు చెరువువలె నిలిచియుండదు, రాతి పగుళ్లలో నుండును. ఒకరు రెండువందల అడుగులు వేసిరి. ప్రక్కవారు నాలుగువందలు వేసిరి, మొదటివారి బోరు ఎండెను. మొదటివారు ఆలి మెడలోని బంగారము తాకట్టు పెట్టి ఇంకను లోతుకు పోయిరి. కొన్ని ఊళ్లలో వేయి అడుగులు దాటినను దుమ్మే లేచెను. ఇందులో ఎవరును దుర్మార్గులు కారు. ఒక్కొక్కరు తమ పిల్లలకొరకే చేసిరి. ఈ పోటీ వలన నేలలో నీరు ఒక్క బిందెడైన పెరిగినదా? పెరిగినవి అప్పులు. బోరు ఎండును గాని అప్పు ఎండదు. బోర్లకు అనుమతియు, బోరునకు బోరునకు మధ్య ఎడమును ఉండవలెనని 2002లో వాల్టా చట్టము వచ్చెను. రాత్రివేళ వచ్చి తెల్లవారకముందే పోవు రిగ్గు బండికి ఆ చట్టము ఎంతవరకు అడ్డుపడగలిగినదో మీకే తెలియును.

అయినను ఆ సీమలలోనే మరియొక పని జరిగెను, దానిని ఎక్కువమంది ఎరుగరు. 2003 తరువాత కొన్నేండ్లపాటు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు కరవు జిల్లాలలో, ఆరు వందలకు పైగా పల్లెలలో, రైతులే తమ భూగర్భ జలమును కొలుచుట నేర్చుకొనిరి. బోరులోనికి కొలత టేపు దింపి నీటిమట్టము చూచిరి. వాన కొలతలు వ్రాసిరి. రబీ పంటకు ముందు ఊరివారందరు కూడి, నేలలో ఎంత నీరున్నది, ఎవరు ఏ పంట వేయదలచుచున్నారు, దానికి ఎంత నీరు కావలెను అని లెక్క కట్టిరి. చాలచోట్ల ఆ లెక్కలో నీటికన్న పంట ఎక్కువని తేలెను.

ఎవరిమీదను నిర్బంధము లేదు, తప్పు వేయు సభయు లేదు. అయినను అనేకులు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మారిరి. తరువాత దీనిని పరీక్షించినవారు, రైతులు త్యాగబుద్ధిచేత గాక ఒక్కొక్కరు తమ లాభనష్టములు చూచుకొనియే అట్లు చేసిరని వ్రాసిరి. ఈ మాటవలన మనము చిన్నబోవలసిన పనిలేదు. కంటికి కనబడని నీటికొరకు చీకటిలో పరుగెత్తుచుండిన మనుష్యులకు ఒక దీపము దొరకెను. తన బోరు, పొరుగువాని బోరు ఒకే కుండలో ముంచుచున్న రెండు చెంబులని వారికి తేటపడెను. హక్స్లీ చెప్పిన గోదా ఇక్కడ లేదు. క్రొపోట్కిన్ చెప్పిన లేళ్ల మందయు ఇది కాదు. ఇది టేపు, నోటుపుస్తకము, ఒక సాయంకాలపు లెక్క.

ఈ సంగతి రెండు పుస్తకములలోను లేదు. అది జరుగునప్పటికి క్రొపోట్కిన్ చనిపోయి ఎనుబదియేండ్లు దాటెను, వేడ్ గారి పుస్తకము అచ్చయి పదునైదేండ్లాయెను. కాని ఆ రెండింటిని చదివినవారు దీనిని బాగుగా అర్థము చేసికొందురు. క్రొపోట్కిన్ శైలి వెచ్చనిది, ఉదాహరణములు విస్తారము. ఒక్కొక్కచోట అవి విసుగు పుట్టించునంత విస్తారము. తనకు అనుకూలమైన గింజలనే ఏరుకొనెనను నింద పూర్తిగా తీసివేయలేము. వేడ్ గారి పుస్తకము పట్టికలతో నిండి పొడిగా నుండును. మొదటి అధ్యాయము దాటుట కష్టము, దాటినవారు విడువరు. రెండింటిలో ఒక్కటే ఊరి పెద్దలకు చదివి వినిపించు వేళయున్నయెడల నేను వేడ్ గారిదానినే తీసికొందును. నీరు పంచిన అధ్యాయమును ఒక సాయంకాలము చదివి, లంచమిచ్చిన సంగతిని మరుసటి సాయంకాలమునకు విడువక, అదే కూటములో చదువుదును. వినువారిలో కాలువ తుది ఊరివారు ఉన్నయెడల మరియు మంచిది.